కార్డ్‌వైనర్ స్మిత్ కథానికలు: మనోయుద్ధము, మానవత్వము

సాహిత్యచరిత్రలో మారుపేరు వింత కాదు. బిడియముచే కొందరును, ఉద్యోగభయముచే కొందరును, కేవలము వేడుకకై కొందరును తమ పేరు దాచుకొనిరి. కాని తన వృత్తిలో తాను ప్రయోగించిన విద్యనే మరియొక పేరు దాల్చి, కథలయందు విచారణకు నిలిపిన రచయితలు అరుదు. అమెరికా వైజ్ఞానిక కథానికా రచయితలలో కార్డ్‌వైనర్ స్మిత్ అట్టివాడని మా యభిప్రాయము. ఆతని జీవితమును, ముఖ్యములైన కొన్ని కథలను ఈ దృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా పేరును గూర్చి రెండు మాటలు. ఇంగ్లీషు భాషలో కార్డ్‌వైనర్ అనునది పాత మాట. స్పెయిను దేశమందలి కార్డొవా నగరపు తోలుతో పాదరక్షలు కుట్టువానికి అది వృత్తినామము. స్మిత్ అనగా కమ్మరి. ఈ రెండు చేతిపనివారి పేర్ల వెనుక నున్న వ్యక్తి పాల్ మైరాన్ ఆంథొనీ లైన్‌బార్గర్. ఆతడు వాషింగ్టను నగరమున ఆసియా రాజకీయములు బోధించిన ఆచార్యుడు. అమెరికా సైన్యమునకు మనోయుద్ధమున సలహాదారు. ఈ పండితుడే ఆ కథకుడని పత్రికాపాఠకులలో పెక్కుమందికి ఆతని మరణము వరకు తెలియదు.

లైన్‌బార్గర్ 1913 జూలై 11వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమందలి మిల్వాకీ నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. ఫిలిప్పీన్సులో అమెరికా ప్రభుత్వమున న్యాయమూర్తిగా పనిచేసి, ఆ పదవిని వదలి చీనా విప్లవనాయకుడైన సన్ యట్‌సేన్‌కు సలహాదారుగా కుదిరినవాడు. సన్ యట్‌సేన్ ఈ బాలునకు జ్ఞానపితగా నుండెను. బాలునకు లిన్ బైలో అను చీనా పేరు పెట్టబడెను. 'లిన్' అనగా అడవి; తక్కిన భాగము ఆనందజ్యోతిని సూచించును. తరువాత 1947లో 'రియా', 1948లో 'కరోలా' అను సాంఘిక నవలలు ప్రకటించునపుడు ఆతడు పెట్టుకొనిన ఫెలిక్స్ సి. ఫారెస్ట్ అను పేరు దీనికి అనువాదమే: లాటిను భాషలో ఫెలిక్స్ అనగా ఆనందము గలవాడు, ఇంగ్లీషులో ఫారెస్ట్ అనగా అడవి. 1949లో వచ్చిన 'అటామ్స్క్' అను గూఢచారి నవలకు కార్మైకేల్ స్మిత్ అను మరియొక పేరు. ఒక్కొక్క రచనారీతికి ఒక్కొక్క పేరు దాల్చుట ఆతని అలవాటు.

బాల్యము చీనా, ఫ్రాన్సు, జర్మనీ దేశములందు గడచెను. ఆరవ యేట ప్రమాదవశమున ఒక కన్ను పోయెను. ఊరు మారినప్పుడెల్ల భాష మారెను. భాష మారినప్పుడెల్ల లోకమును పలుకరించు తీరు మారెను. యౌవనము నాటికి ఆతనికి ఆరు భాషలు వచ్చెను. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున 1936లో రాజనీతిశాస్త్రమున డాక్టరు పట్టము పొందినప్పుడు ఆతనికి ఇరువదిమూడేండ్లు. సన్ యట్‌సేన్ రాజకీయసిద్ధాంతములపై ఆతడు వ్రాసిన గ్రంథము 1937లో వెలువడెను. పిదప డ్యూక్ విశ్వవిద్యాలయమున బోధించెను.

రెండవ ప్రపంచయుద్ధము ఆతని జీవితమునకు మలుపు. యుద్ధవార్తల కార్యాలయమున చేరి, మాటను ఆయుధముగా వాడు పనిలో నిమగ్నుడై, 1943లో చీనా యుద్ధకాల రాజధానియైన చుంగ్‌కింగ్‌కు వెడలెను. యుద్ధాంతమునకు మేజరు హోదా పొందెను. తరువాత జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన అంతర్జాతీయ విషయముల పాఠశాలలో ఆచార్యుడాయెను. యుద్ధకాలపు టనుభవమును క్రోడీకరించి 1948లో 'సైకలాజికల్ వార్‌ఫేర్' అను గ్రంథమును ప్రకటించెను. దానికి 1954లో రెండవ కూర్పు వచ్చెను. ఆ శాస్త్రమున చిరకాలము ప్రామాణికముగా నెన్నబడిన గ్రంథమది.

ఈ గ్రంథమందలి రెండంశములు మా విచారణకు ముఖ్యములు. మొదటిది, ప్రచారమును పరీక్షించుటకు ఆతడు చూపిన పద్ధతి. ఎదుటిపక్షము వెలువరించిన యే మాటనైనను ఐదు విధముల ప్రశ్నింపవలెను: మూలము, కాలము, శ్రోతలు, విషయము, లక్ష్యము. అనగా పలికినదెవరు, ఎప్పుడు, ఎవరిని గూర్చి, దేనిని గూర్చి, ఏమి సాధించుటకు అని అడుగవలెను. రెండవది, శత్రుపక్షమందలి శ్రోతను ముద్దగా గాక, ఇష్టానిష్టములు గల సామాన్యమానవునిగా ఊహించుకొని, అతనితో స్నేహితునివలె మాటలాడవలెనను సూత్రము. ఇందు చిత్రమైన ద్వైధీభావము కలదు. శత్రువును వంచించుటకైనను ముందు ఆతనిని మనిషిగా చూడక తప్పదు. మనిషిగా చూచిన వెనుక వంచించుట సులభమా యను ప్రశ్న శాస్త్రగ్రంథమున లేదు; అది కథలకు మిగిలినది.

కొరియా యుద్ధకాలపు ఉదంత మొకటి దీనికి నిదర్శనము. లైన్‌బార్గర్ కథలకు సంపాదకుడైన జె. జె. పియర్స్ దీనిని చెప్పియున్నాడు. చీనా సైనికులు లొంగిపోవుట అవమానమని తలంచి, చావునకైనను సిద్ధపడుచుండిరి. అప్పుడు లైన్‌బార్గర్ వారికొక ఉపాయము కరపత్రముల ద్వారా సూచించెను. ప్రేమ, ధర్మము, మానవత, శీలము అను అర్థములు గల నాలుగు చీనా మాటలను వరుసగా కేక వేయుచు సైనికులు ముందుకు రావలెను. చీనావారి చెవికి అవి గౌరవప్రదములైన మాటలు. అమెరికనుల చెవికి మాత్రము అవి 'లొంగిపోవుచున్నాను' అను ఇంగ్లీషు వాక్యమువలె వినబడును. వేలకొలది ప్రాణములను నిలిపిన ఈ పనిని ఆతడు తన జీవితమున మిక్కిలి విలువైనదిగా భావించెనట. మానము చెడకుండ ప్రాణము దక్కించిన యుపాయ మిది. అయినను ప్రేమ యను మాట ఇచ్చట శబ్దముగా మాత్రమే పనిచేసెనని గమనింపవలెను. ఆ మాట ఆతని కథలలో మరల వచ్చును. అప్పుడు దాని వెల వేరు.

ఇక కథకుని సంగతి. ఉన్నతపాఠశాల విద్యార్థిగా నున్నప్పుడే, 1928లో, 'వార్ నం. 81-క్యూ' అను కథను ఆతడు పాఠశాలా పత్రికలో ప్రకటించెను. అందు దేశములు అనుమతి పొంది, నియమములకు లోబడి, దూరమునుండి నడపబడు ఆకాశనౌకలతో యుద్ధము చేయును, మనుష్యరక్తము చిందదు. యుద్ధమును మానవప్రాణమునుండి వేరుచేయవలెనను తలంపు ఆ వయస్సునాటికే ఉండెనని దీనివలన తెలియును.

కార్డ్‌వైనర్ స్మిత్ పేరుతో వెలువడిన మొదటి కథ 'స్కానర్స్ లివ్ ఇన్ వెయిన్'. 1945లో వ్రాయబడిన ఈ కథను 'అస్టౌండింగ్' మొదలగు ప్రముఖపత్రికలు తిరస్కరింపగా, 1950లో 'ఫాంటసీ బుక్' అను చిన్న పత్రిక ఆరవ సంచికలో అచ్చుపడెను. ఆ సంచికలోనే తన రచనయు నుండుటచే ఫ్రెడరిక్ పోల్ దీనిని చదివి, 1952లో తాను కూర్చిన సంకలనమున చేర్చెను. అంతవరకు ఈ కథ కొలదిమంది కంట మాత్రమే పడియుండెను.

కథావస్తువిది. అంతరిక్షమున మేల్కొనియున్న మానవునకు భరింపరాని మహావేదన కలుగును. కావున నౌకలను నడపుటకు కొందరిని చూపు తప్ప తక్కిన యింద్రియములన్నిటిని మెదడునుండి తెగగొట్టి పంపుదురు. వీరిలో స్వచ్ఛందముగా ఇందుకు ఒప్పుకొని, నావికులను కాపాడువారే స్కానరులు. తమ గుండె కొట్టుకొనుటను సైతము రొమ్మున నమర్చిన యంత్రముల సూచికలను చూచి తెలిసికొనవలసినవారు. లోకము వారిని గౌరవించును. వారికొక సంఘము, కర్మకలాపము, ప్రతిజ్ఞావాక్యములు కలవు. ఆడం స్టోన్ అను శాస్త్రజ్ఞుడు ఆ వేదనను తొలగించు మార్గమును కనుగొనెనని తెలియగానే సంఘము అత్యవసరముగా సమావేశమగును. స్కానరుల త్యాగము ఇక నిరర్థకమగును గావున, ఆ శాస్త్రజ్ఞుని చంపవలెనని సభామర్యాదలన్నియు పాటించి తీర్మానించును. ఆ సమయమున మార్టెల్ అను స్కానరు ఒక ఉపాయముచే తాత్కాలికముగా ఇంద్రియజ్ఞానము పొంది, ఇంట భార్య సన్నిధినుండి సభకు వచ్చినవాడు. స్పర్శయు వాసనయు తెలియుచున్న ఆతనికి ఆ తీర్మానము హత్యగా కనబడును. హత్యకై పంపబడిన స్వమిత్రుడు పరిజియాన్‌స్కీని చంపి, ఆతడు శాస్త్రజ్ఞుని రక్షించును.

కథాంతమున స్కానరులందరు తిరిగి ఇంద్రియములు పొందుదురు. పరిజియాన్‌స్కీ ఆనందాతిరేకమున తన సూచికలను చూచుకొనుట మరచి మరణించెనని అందరకు చెప్పబడును. అసత్యమే, కాని దయతో కూడిన అసత్యము. ప్రభుత్వప్రకటన లెట్లు కూర్పబడునో ఎరిగిన చేయి మాత్రమే ఈ ముగింపును వ్రాయగలదు. అట్లే, మంచివారైన మనుష్యులు తమ సంఘభాషయొక్క లయలో పడి హత్యకు సమ్మతించు ఆ సభాఘట్టమును సమూహపు మాట వ్యక్తి మనస్సును ఎట్లు కప్పివేయునో చూచిన వాడు గాక మరియెవడు వ్రాయగలడు? యుద్ధము ముగిసిన సంవత్సరముననే ఇది వ్రాయబడినదని స్మరింపవలెను. విశ్రాంతికొరకు ఆచార్యుడు కథలు వ్రాసుకొనెననువారికి ఈ తేదీయే మా సమాధానము. శాస్త్రగ్రంథమును, ఈ కథయు ఒకే యనుభవమునుండి మూడేండ్ల యెడముతో రూపొందినవి.

రెండవ ప్రసిద్ధకథ 'ది గేమ్ ఆఫ్ రాట్ అండ్ డ్రాగన్' 1955 అక్టోబరు 'గాలక్సీ' పత్రికలో వచ్చెను. నక్షత్రముల నడుమనున్న శూన్యమున నౌకలపై దుమికి ప్రయాణికులను పిచ్చివారిని చేయు శక్తులు మానవులకు మహాసర్పములవలె తోచును. పిల్లులకు ఎలుకలవలె తోచును. కావున మనస్సుతో మనస్సు కలుపగల యోధులు పిల్లులను సహచరులుగా చేసికొని పోరాడుదురు. నాయకుడైన అండర్‌హిల్ తన సహచరియైన లేడీ మే అను పిల్లి మనస్సున దొరకిన చెలిమి మానవులలో దొరకదేమో యని కలతపడును. మనుష్యుడు కాని ప్రాణియొక్క అంతరంగము మనుష్యునకు సమానముగా నుండుననియు, అంతకంటె ఉత్తమమై యుండవచ్చుననియు ఈ చిన్న కథ సూచించును. తరువాతి కథలకు బీజ మిదియే.

1960 నుండి వెలువడిన కథలలో ఒక మహాచరిత్ర రూపొందెను. వేల సంవత్సరముల భావికాలము. దానిని పాలించు ప్రభువుల సభ పేరు ఇన్‌స్ట్రుమెంటాలిటీ. రాజనీతిలో అది కరణము, సాధనము అను అర్థముల నిచ్చును. క్రైస్తవ మతశాస్త్రమున దైవకృపకు వాహకమగు పురోహితుని స్థానమును గూడ స్ఫురింపజేయును. ఈ భావిచరిత్రను ఆతడు చెప్పు తీరు విశిష్టమైనది. మన భాగవతమున ద్వాదశస్కంధమునందు శుకుడు పరీక్షిత్తునకు రాబోవు రాజులను భవిష్యత్తుగానే చెప్పును. లైన్‌బార్గర్ ఇందుకు విపర్యయముగా, రాబోవు యుగములను గడచిపోయిన యుగములుగా చెప్పును. కథారంభముననే ముగింపు మీరెరిగినదే యని వక్త శ్రోతలతో పలుకును. పాటలలో, చిత్తరువులలో, నాటకములలో ఈ కథ ఎట్లు మారెనో చెప్పి, జరిగినది మాత్రమిది యని ఉపక్రమించును. చీనా కథకుల సంప్రదాయము దీనికి మూలమని కొందరు విమర్శకు లందురు. పురాణశ్రవణము నెరిగిన తెలుగు పాఠకునకు మాత్రము ఈ పద్ధతి కొత్తగా తోపదు. రామాయణము వినువారెవరును రావణుడు చచ్చునో లేదో యని వినరు గదా! ముగింపు తెలిసిన శ్రోత ఏమి జరిగెనని గాక ఎందుకు జరిగెనని వినును.

ఆ లోకమున పనిపాటలన్నియు చేయువారు 'అండర్‌పీపుల్', అనగా క్రిందిజనులు. వారు మానవాకారమునకు మలచబడిన జంతువులు. పేరునకు ముందున్న అక్షరమే వారి పుట్టుకను చాటును: పిల్లినుండి వచ్చినవారికి 'సి', కుక్కనుండి వచ్చినవారికి 'డి', పశువునుండి వచ్చినవారికి 'బి'. వారు మాటలాడుదురు, ప్రేమింతురు, మానవులకంటె చక్కగా పనిచేయుదురు. కాని వారికి హక్కులు లేవు. జబ్బు చేసినచో చికిత్సకంటె చంపివేయుట చౌక యని చట్టము. పేరు వినగానే పుట్టుకను పసిగట్టి స్థానమును నిర్ణయించు లోకము మన దేశపు పాఠకునకు మిక్కిలి పరిచితము. రచయిత దృష్టిలో నున్నది తన దేశపు వర్ణభేదమే కావచ్చును. అయినను ఆ అక్షరముల బరువు మనకు వెంటనే తెలియును.

ఈ జనుల విముక్తికథలలో శిఖరము 'ది డెడ్ లేడీ ఆఫ్ క్లౌన్ టౌన్'. అమెరికాలో పౌరహక్కుల చట్టము వచ్చిన 1964లో, ఆగస్టు 'గాలక్సీ'లో ఇది వెలువడెను. జోన్ ఆఫ్ ఆర్క్ చరిత్ర దీనికి మాతృక. డి'జోన్ అను శునకబాలిక దాగియున్న క్రిందిజనులను వెంటబెట్టుకొని నగరవీథిలోనికి వచ్చును. వారి చేత ఆయుధములు లేవు. ఎదురైన ప్రతి మనుష్యునితో, చంపవచ్చిన సైనికునితో సైతము, నిన్ను ప్రేమించుచున్నానని చెప్పుటయే వారి తిరుగుబాటు. వారు చంపబడుదురు, డి'జోన్ దహింపబడును. కాని వారిపై పంపబడిన యంత్రభటులు ఆ పనికి ఓర్వలేక తమ్ము తామే నాశనము చేసికొందురు.

లైన్‌బార్గర్ చెప్పిన ఐదు ప్రశ్నలను ఆతని కథకే వేసి చూతము. మూలము: మాటకు చట్టమున విలువలేని జనులు. కాలము: తమకు చావు నిశ్చయమైన దినము. శ్రోతలు: తమ్ము మనుష్యులుగా నెంచని మనుష్యులు. విషయము: ప్రేమ. లక్ష్యము: మనుష్యులుగా లెక్కింపబడుట. మనోయుద్ధమునకు కావలసిన అంగములన్నియు ఇచ్చట కలవు; లేనిది వంచన యొక్కటే. కరపత్రము వ్రాయువాడు దూరమున క్షేమముగా నుండును. డి'జోన్ తన మాటకు తన శరీరమునే పూచీగా పెట్టినది. కొరియాలో ప్రేమ యను మాట అర్థముతో పనిలేకుండ శబ్దముచేతనే ప్రాణములు కాపాడెను. కథలో అదే మాట అర్థముతో పలుకబడి ప్రాణములు తీసెను. అయినను గెలిచినది రెండవదియే. ఆ దృశ్యమును చూచిన గొరోక్ అను ప్రభ్వి తనకు కలుగబోవు కుమారునకు జెస్టోకోస్ట్ అను పేరు పెట్టును. రష్యను భాషలో ఆ మాటకు క్రూరత్వమని యర్థము. నాటి క్రూరత్వమును మరువకుండుటకే ఆ పేరు. ఆ వంశమున తరువాత పుట్టిన జెస్టోకోస్ట్ ప్రభువే, 1962 నాటి 'ది బాలడ్ ఆఫ్ లాస్ట్ సి'మెల్' అను కథలో, మార్జాలకన్యయైన సి'మెల్‌తో కలసి క్రిందిజనులకు హక్కులు సంపాదించుటకు పూనుకొనును. రెండవ భాగము ముందును, మొదటి భాగము వెనుకను వ్రాయబడుట గమనార్హము. ఫలమును చూపిన వెనుక రచయిత బీజమును వెదకుకొనెను.

దోషములు లేవని మేమనము. క్రిందిజనుల విముక్తి ఈ కథలలో పలుమారు పైవారి కరుణపై ఆధారపడును. పీడితులు తమ ప్రేమను, తమ చావును చూపి మనుష్యత్వమును రుజువు చేసికొనవలెనా, పీడకుల కట్టి పరీక్ష ఏల లేదు అని అడుగుట న్యాయము. సి'మెల్ తన ప్రేమను బయటపెట్టక జీవితము గడుపుటయు, ఆ త్యాగమును కథకుడు శోభగా వర్ణించుటయు నేటి పాఠకునకు రుచింపకపోవచ్చును. తుదికథలందు క్రైస్తవభక్తి పెరిగి, సంకేతములు కొన్నిచోట్ల కథను మించినవి. కాని 1961 నాటి 'ఆల్ఫా రాల్ఫా బులెవార్డ్' ఈ యాక్షేపమున కొంత సమాధానమిచ్చును. అందు ప్రభువులు, మితిమీరిన సుఖముచే జడులైన మానవులకు వ్యాధిని, ప్రమాదమును, పాతభాషలను తిరిగి యిత్తురు. మనుష్యత్వమును తిరిగి సంపాదించుకొనవలసినవారు క్రిందివారే కారు, పైవారును అని దాని తాత్పర్యము.

లైన్‌బార్గర్ ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో కొంతకాలము సందర్శకాచార్యుడుగా నుండెను. ఆ దేశముపై మక్కువయే ఆతని ఏకైక వైజ్ఞానిక నవలయైన 'నార్‌స్ట్రిలియా'కు ప్రేరణ. దాని మొదటి భాగము 1964లోను, రెండవది మరణానంతరము 1968లోను, సమగ్రరూపము 1975లోను వెలువడెను. రెండవ భార్యయైన జెనివీవ్ కొన్ని కథలలో సహరచయిత్రి. 1966 ఆగస్టు 6వ తేదీన, ఏబదిమూడవ యేట, లైన్‌బార్గర్ బాల్టిమోరులో గుండెపోటుచే మరణించెను. ఆర్లింగ్టన్ సైనికశ్మశానమున ఆతని సమాధి కలదు. ఆతని కథానికలన్నియు 1993లో ఒకే సంపుటముగా కూర్పబడెను. మరుగునపడిన వైజ్ఞానిక రచయితలను స్మరించుటకై 2001లో ఏర్పడిన పురస్కారమునకు ఆతని మారుపేరే పెట్టబడెను.

మనస్సులను వంచు విద్యలో ఆరితేరినవాడు, ఆ విద్య వంచింపలేనిది మనుష్యునిలో ఏది యని తన కథలలో వెదకెను. స్కానరునకు భార్య స్పర్శయందును, యోధునకు పిల్లి మనస్సునందును, యంత్రభటులకు ఒక శునకబాలిక పలుకునందును అది దొరకినది. ఆచార్యుడు శత్రుసైన్యములను గూర్చి గ్రంథము వ్రాసెను. పాదరక్షలు కుట్టువాడును కమ్మరియు కలసిన పేరు గలవాడు, లెక్కకు రానివారిని గూర్చి కథలు వ్రాసెను. ఆ పేరు వేడుకకు పెట్టుకొనినది కాదని మా నమ్మకము.